కాలవలు కట్టేశాక షేరు ముట్టని మనిషి

“కాలవలు వదలనీ, అప్పుడమ్ముతాను.”

“షేర్లకీ కాలవలకీ సంబంధమేంటక్కా?”

“ఉంది. మీ ఆయనే చెప్పాడు.”

“ఆయన చెప్పేవి వినలేకే గదా, ఆయన గుమ్మంలో కనపడగానే నువ్వు పెరట్లోకి పోయేదానివి. ఇప్పుడాయన పోయాక నువ్వు మొదలెట్టావా?”

“నిరుటికన్నా బాగా దిగి ఉన్నాయే. ఇప్పుడమ్మడం దండగ. ఒక్క నెలాగు.”

“నేనాగుతాను. నా మోకాళ్ళు ఆగొద్దా?”

మొన్న వేసవిలో మా వీధరుగు మీద నాకూ మా తోడికోడలికీ జరిగిన తగువిది. ఆమెకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. రాజమండ్రి డాక్టరుగారు ఆపరేషన్ చెయ్యాలన్నారు, రోజు కూడా ఇచ్చారు. దానికి కావలసిన డబ్బు ఆమె భర్త, అంటే మా మరిది, కొనిపెట్టిన షేర్లలో ఉంది. అతను పోయిన క్రిస్మస్‌కి ముందు కన్నుమూశాడు. షేర్లు అమ్మవలసింది మాత్రం నేను. పోతూ పోతూ వాటిని నా పేర పెట్టిపోయాడు. మిషన్ బడిలో ఐదో తరగతితో ఆగిపోయి, చీటీపాట జోలికైనా పోని దాన్ని, నా పేర.

అవి మామూలు షేర్లు కావు. ఫోన్లలో, కంప్యూటర్లలో, బళ్ళలో పెట్టే చిప్‌లు తయారుచేసే కంపెనీలవి, అమెరికా బజారులో అమ్మేవి. సెమీకండక్టర్లు అనేవాడు అతను. పాస్టరుగారు హెబ్రీ మాట పలికేటప్పుడు ఎంత భక్తిగా పలుకుతారో అంత భక్తిగా అనేవాడు.

మా మరిది ఉద్యోగమంతా కాలవ లాకుల దగ్గర ఇరిగేషన్ ఆఫీసులో గుమస్తాగా గడిచింది. మనిషి సన్నం, చొక్కా జేబు లావు. ఆ జేబులో కళ్ళజోడు డబ్బా, పెన్నులు, పేపర్లోంచి కత్తిరించి మడిచిన ముక్కలు ఉండేవి. ఎండైనా వానైనా సైకిలు హేండిలుకి గొడుగు వేలాడుతూ ఉండేది. దాన్ని విప్పగా నేను చూడలేదు. వానలో విప్పితే బట్ట పాడవుతుందనేవాడు. వంతెన దాటుతుంటే సైకిలు దిగి, గట్టు రాతి మీద నీటిమట్టం గీతలు చూసి, పెదవి విరిచి, మళ్ళీ ఎక్కేవాడు. రిటైరయ్యాక కూడా అంతే. కాలవలో నీళ్ళెంతున్నాయని అప్పటికి అతన్ని అడిగేవాళ్ళెవరూ లేరు. అడక్కపోయినా చెప్పేవాడు.

ఈ షేర్ల పిచ్చి ఒక స్కూటరు వల్ల పట్టింది. కరోనా తగ్గిన కొత్తల్లో, ఇక సైకిలు తొక్కలేనని, స్కూటరు కొనడానికి భీమవరం వెళ్ళాడు. బండి రావడానికి నెలలు పడుతుందండి, చిప్‌లు దొరకట్లేదండి అని షోరూము వాళ్ళు చెప్పారట. ఆ చిప్ ఎంతుంటుందని అడిగితే చిటికెన వేలి గోరు చూపించారట. ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినలేదు.

“అంత బండి ఇంత గోరు కోసం ఆగిపోయిందంటే, వదినా, మనం కొనవలసింది బండి కాదు,” అన్నాడు.

స్కూటరుకని దాచుకున్న డబ్బంతా షేర్లలోకి వెళ్ళింది. తరవాత చిప్‌లు వచ్చాయి, బళ్ళూ వచ్చాయి, మాకు పాలు పోసే అతను కూడా స్కూటరు కొన్నాడు. మా మరిది సైకిలు మీదే మిగిలిపోయాడు. ఆ పాలవాడు పక్కనించి దూసుకుపోతుంటే ఒక కాలు నేలకానించి, చెయ్యెత్తి దీవించేవాడు. అతనెందుకు దీవిస్తున్నాడో పాలవాడికి తెలియదు. పెద్దాయన మంచివాడనుకునేవాడు.

ఒకనాడు నేను బియ్యంలో రాళ్ళేరుకుంటుంటే వచ్చి, సుద్దముక్కతో మా అరుగు మీద గోదావరి గీశాడు. ఆనకట్ట గీశాడు. దాన్నించి పెద్ద కాలవలు, వాటి నించి పిల్ల కాలవలు, చిట్టచివర ఒక చుక్క.

“ఈ చుక్క ఏంటయ్యా?”

“మనం వదినా. శివారు రైతులం. ఇదిగో, ఈ ఆనకట్ట ఉందే, ఇది తైవాన్ ద్వీపమనుకోండి. మంచి చిప్‌లు చాలామటుకు అక్కడే తయారవుతాయి. అక్కడ తలుపు దించితే ఇక్కడ మన చేను ఎండుతుంది. ఎండుతుందని భయపడి శివారు రైతు ఏం చేస్తాడు? వంతు రాగానే చేలో పట్టినంతా పెట్టేస్తాడు. పక్కవాడూ అంతే, వాడి పక్కవాడూ అంతే. ఆ తరవాత ఓ వాన పడిందనుకోండి. అందరి చేలూ నిండుగా ఉంటాయి. నీళ్ళు మాకొద్దంటే మాకొద్దని మురుక్కాలవలోకి కొట్టేస్తారు. బళ్ళు, ఫోన్లు చేసే కంపెనీలు కూడా ఇంతేనండి. చిప్‌లు దొరకనప్పుడు రెండింతలు ఆర్డరు రాయించుకుంటాయి. దొరికాక గోడౌన్‌లో పోసుకుని, ఇక పంపొద్దు బాబూ అంటాయి. అప్పుడు షేరు పడుతుంది.”

“బాగానే ఉంది. మరి నువ్వు దొరకనప్పుడు కొన్నావా, దొరికాక కొన్నావా?”

“దొరకనప్పుడే కొన్నాను.”

“అయితే నువ్వూ భయపడి చేను నింపుకున్నవాడివే. ఆ చుక్క పక్కన నీకో చుక్క పెట్టు.”

పెట్టలేదు. కాసేపు గోదావరి కేసి చూసి, కండువాతో తుడిచేసి వెళ్ళిపోయాడు. సుద్ద పూర్తిగా పోలేదు. నేనే తరవాత తడిగుడ్డ పెట్టవలసి వచ్చింది.

ఇంత తెలిసిన మనిషికి ఒక పట్టుదల ఉండేది. కాలవలు కట్టేసిన రోజుల్లో షేరు కొనడు, అమ్మడు. మా వైపు ఏటా వేసవిలో మరమ్మతుల కోసం కాలవలకి నీళ్ళు ఆపేస్తారు. ఆ రోజుల్లో వాళ్ళ ఆఫీసులో కొత్త కాగితం కదలదు. ఉన్నవాటి దుమ్ము దులుపుకోవడమే పని. ఉద్యోగం పోయినా ఆ అలవాటు పోలేదు.

“కట్టేసిన కాలంలో కదిపింది ఏదీ కలిసిరాదు వదినా,” అనేవాడు.

మా కాలవలు కట్టేసిన సంగతి అమెరికాలో షేర్లు కొనేవాళ్ళకి ఎవరూ చెప్పలేదు. వాళ్ళు ఆ నెలల్లో కూడా కొనుక్కునేవారు, అమ్ముకునేవారు. రేటు లేచిపోతుంటే మా మరిది ఎండిపోయిన కాలవ గట్టు మీద నిలబడి ఫోనులో చూస్తూ ఉండేవాడు. వేలు ఆ గాజుకి దగ్గరగా తీసుకెళ్ళి వెనక్కి లాక్కునేవాడు, వేడి పెనం దగ్గర చెయ్యి లాక్కున్నట్టు. నీళ్ళు వదిలిన రోజున తలంటుకుని, ప్రార్థన చేసుకుని, అప్పుడు ఫోను తీసేవాడు. ఆ పాటికి రేటు కిందికి దిగి ఉండేది. అయినా తృప్తిగానే ఉండేవాడు. నియమం తప్పలేదు గదా.

చిప్‌లకి గిరాకీ ఎలా ఉందో తెలుసుకోవడానికి పేపర్ని నమ్మేవాడు కాదు. సాయంకాలం సైకిలు మీద చుట్టుపక్కలంతా తిరిగి వచ్చేవాడు. రొయ్యల రైతులు ఇంట్లోంచి ఫోను నొక్కితే చెరువు మీద మోటారు ఆడే పెట్టెలు బిగించుకున్నారు. అలాంటిది కనపడితే దిగి, దూడని నిమిరినట్టు నిమిరేవాడు. “దీన్లో ఉందండి,” అనేవాడు. కొత్త కరెంటు మీటరులో ఉంది. చర్చిలో కీబోర్డులో ఉంది. చేపల కాటాలో ఉంది. ఆ కాటాని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, తూకాల ఆఫీసరేమోననుకుని ఆ చేపలామె ఇంకో చేప వేసి ఇచ్చింది. మా మరిది తాను ఆఫీసరు కాదని చెప్పాడుగాని చేప తిరిగివ్వలేదు.

ఎవరింట్లో కొత్త వస్తువు దిగినా, అది తనకే పెట్టిన బట్టలా సంతోషించేవాడు. ఎవరైనా పాతదాన్ని బాగుచేయించుకుంటే మొహం మాడ్చుకునేవాడు. ఈ లెక్కన ఊళ్ళో అతని వ్యాపారానికి పెద్ద అడ్డం నేను.

“మీ ఫోను మార్చరేం వదినా?”

“మాట్లాడుతోంది గదయ్యా.”

“గ్లాసు పగిలింది.”

“నేను మాట్లాడేది గ్లాసుతో కాదు.”

“జనం రెండేళ్ళకోసారి ఫోను మారుస్తారని కంపెనీలు లెక్కేసుకుని కూచున్నాయండి. ఆ లెక్క మీ గుమ్మం దాకా వచ్చి తప్పింది.”

“మరి నువ్వెందుకు మార్చవు?”

అతని ఫోను ఎవరో వాడి పారేసింది. వెనక మూత ఊడకుండా రబ్బరు బ్యాండు చుట్టి ఉండేది.

“నేను కంపెనీ మనిషిని వదినా. హోటలు పెట్టినవాడు వెళ్ళి హోటల్లో తింటాడా?”

ఒక పొద్దున నేను ఇంకా వాకిలి ఊడుస్తుండగానే వచ్చాడు. కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి.

“బాగా పడిపోయాయి వదినా. మీరు నిన్న ఏం చేశారు?”

“నేనేం చేస్తాను. టీవీ రిపేరుకిచ్చాను.”

“అనుకున్నాను,” అని అరుగు మీద కూలబడ్డాడు.

అతని గురించి మా సంఘంలో ఇప్పటికీ చెప్పుకునేది మాత్రం వేరే ఉంది. బుధవారం గృహకూడిక మా ఇంట్లో జరిగింది. ప్రార్థన అంశాలు చెప్పమని పాస్టరుగారు అడిగారు. ఒకామె కొడుకు పరీక్ష చెప్పింది. ఒకామె షుగరు చెప్పింది. ఒకాయన రొయ్యకి తెగులు రాకుండా ప్రార్థించమన్నాడు. అప్పుడు మా మరిది లేచి నిలబడ్డాడు.

“సముద్రం అవతల తైవాన్ అని ఒక ద్వీపం ఉందండి. అక్కడ యుద్ధం రాకుండా, శాంతి సమాధానాల కోసం ప్రార్థన చెయ్యాలండి.”

పాస్టరుగారికి కళ్ళు చెమర్చాయి. మా సంఘం ప్రార్థనలు అంతవరకూ భీమవరం ఆసుపత్రులు దాటి వెళ్ళలేదు. అందరం మోకాళ్ళూనాం. మా తోడికోడలు కూడా, అప్పటికింకా ఊనగలిగేది. ఒక ముసలామె, మా మరిది చుట్టాలెవరో ఆ ద్వీపంలో చిక్కుకుపోయారనుకుని, వాళ్ళని క్షేమంగా ఇంటికి చేర్చమని ఏడుస్తూ ప్రార్థించింది. ఆ ఏడుపుకి ఇంకో ఇద్దరు ఏడ్చారు. ఆఖర్న పాస్టరుగారు, “చూశారా, అన్నగారి హృదయం ఎంత విశాలమైందో,” అన్నారు.

మా తోడికోడలు నా చెవిలో, “అది హృదయం కాదక్కా, షేర్లు,” అంది.

ఆ తరవాత ప్రతి బుధవారం అదే అంశం లేచి చెప్పేవాడు. ఇప్పుడతను లేకపోయినా ఆ ప్రార్థన నడుస్తూనే ఉంది. ఆపాలని ఎవరికీ తోచలేదు. ఆ ద్వీపం వాళ్ళకి దానివల్ల నష్టమేమీ లేదు గదా.

చివరి ఏడాది అతని ఉత్సాహం పట్టలేకపోయాం. మనిషి అడిగినదానికి మనిషిలాగే జవాబు చెప్పే కంప్యూటర్లు వచ్చాయట. వాటిని పెట్టడానికి రైసుమిల్లుల కన్నా పెద్ద షెడ్లు కడుతున్నారట. ఆ షెడ్ల నిండా చిప్‌లేనట.

“ఇవి రొయ్యల్లాంటివి వదినా. ఎంత మేత వేస్తే అంత తింటాయి. ఇంకా కావాలంటాయి. ఇక గిరాకీకి అడ్డులేదు.”

“సరేనయ్యా. రొయ్యకి మేత వేస్తే పట్టుబడి రోజున వలేసి పట్టి లారీకెత్తుతారు. వీటిని ఎప్పుడు పడతారు?”

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “అదే ఇంకా తేలలేదండి. అందరూ మేతే వేస్తున్నారు,” అన్నాడు. ఆ రోజు అబద్ధం ఆడాలనుకుంటే ఆడగలిగేవాడే. ఆడలేదు.

కార్తీక మాసం వెళ్ళినాక ఒక మధ్యాహ్నం నడిచి వచ్చాడు. సైకిలు లేదు. మా రెండు మెట్లెక్కడానికి స్తంభం పట్టుకున్నాడు. గుండె బలహీనంగా ఉందని డాక్టరు అప్పటికే చెప్పాడని మాకు తెలుసు. కూచుని, రబ్బరు బ్యాండు సర్ది, ఫోను ముందు పెట్టాడు.

“ఇందులో నామినీ అని అడుగుతోంది వదినా. నేను పోతే ఇవి ఎవరి పేరుకి పోవాలని. మీ పేరు రాస్తాను.”

“నీకేమన్నా మతిపోయిందా? కట్టుకున్నదాన్ని పక్కన పెట్టుకుని వదిన పేరు రాస్తే ఊరు ఏమనుకుంటుంది?”

“ఊరికి ఇది అర్థమైతే గదండీ, అనుకోవడానికి. మా ఆవిడకి రాస్తే నన్ను సమాధి చేసి వచ్చిన మర్నాడే అమ్మేస్తుంది.”

“అమ్ముకోనీ. ఆవిడిష్టం.”

“అమ్మకూడదు వదినా. దీని రోజు ఇంకా రాలేదు. మీరైతే అమ్మరు. ఈ ఊళ్ళో ఇంట్లోకొచ్చిన వస్తువుని బయటికి పోనివ్వని మనిషి మీరొక్కరే. మీ మిక్సీ వయసెంతో ఆ కంపెనీ వాళ్ళకే గుర్తుండదు.”

ఇన్నేళ్ళూ ఏ గుణాన్ని చూసి నన్ను తిట్టిపోశాడో, ఆ గుణాన్ని నమ్ముకుని వచ్చాడు. ఇంకా వాదిద్దామనుకున్నాను గాని మాటకీ మాటకీ మధ్య ఆయాసపడుతున్నాడు. లోపలికెళ్ళి ఆధార్ కార్డు తెచ్చిచ్చాను. ఒక్కొక్క అంకెనీ రెండుసార్లు సరిచూసుకుంటూ ఎక్కించాడు, గుమస్తా గదా.

“అమ్మనని మాటివ్వండి.”

“అమ్మన్లేవయ్యా. ముందీ మజ్జిగ తాగు.”

తాగాడు. ఉప్పు తక్కువైందన్నాడు. ఆ నెల దాటకుండానే పోయాడు.

షేర్లు నా పేరుకి ఎక్కించడానికి భీమవరం షేర్ల ఆఫీసులో నాలుగు సంతకాలు పెట్టించుకున్నారు. నా పగిలిన ఫోనులోకి కూడా అవి వచ్చి కూచున్నాయి. మొదట్లో చూసేదాన్ని కాదు. తరవాత పొద్దున్న ప్రార్థన అయ్యాక ఒకసారి చూడడం మొదలైంది. చూస్తే ఖర్చేం లేదు గదా. ఎర్రగా ఉంటే దిగినట్టు, పచ్చగా ఉంటే లేచినట్టు. మొన్న వేసవి నాటికి అన్నీ ఎర్రగానే ఉన్నాయి. అప్పుడే మా తోడికోడలికి డాక్టరుగారు రోజు ఇచ్చారు. ఆమె వచ్చి అమ్మమంది. నేను కాలవలు వదలనీ అన్నాను.

“అమ్మనని ఆయనకి మాటిచ్చానే,” అన్నాను ఆ తగువులోనే.

“కాళ్ళు బాగుచేయిస్తానని ఆయన నాకు మాటిచ్చాడు. ఆ మాట ఎవరి పేర రాశాడక్కా?”

“నేను చేయించనన్నానా? కొంచెం లేచాక అమ్ముదామంటున్నాను. ఆ ద్వీపం గురించి ఏవో పుకార్లున్నాయంట, అవి సద్దుమణగాలి. ఆ కొత్త కంప్యూటర్ల షెడ్లకి ఇంకా చిప్‌లు కావాలి. గిరాకీ ఎక్కడికీ పోదు. ఈ నెల గడిస్తే…”

మా తోడికోడలు నన్ను ఎగాదిగా చూసింది.

“ఆయన్ని సమాధి చేసి వచ్చామనుకున్నాను. ఇక్కడ అరుగు మీద కూచుని మాట్లాడుతున్నాడు,” అంది.

ఆమె గోడ పట్టుకుని లేచింది. మా అరుగుకి రెండే మెట్లు. వాటి దగ్గర వెనక్కి తిరిగింది. నడక నేర్చే పిల్లలు దిగినట్టు, రెండు చేతులూ అరుగు మీద ఆనించి, ఒక కాలు కిందికి వదిలి, అది నేలని తాకేదాకా ఊపిరి బిగబట్టి, అప్పుడు రెండోది దించింది. ఎదురింటివాళ్ళు చూస్తున్నారేమోనని చీర సర్దుకుంది. చెయ్యి అందించబోయాను. వద్దంది. కరెంటు స్తంభం దాకా వెళ్ళి ఆగింది. మళ్ళీ కదిలింది. నేను సందు మలుపు దాకా ఆమెనే చూస్తూ కూచున్నాను.

మర్నాడు పొద్దున్న మొదటి బస్సుకి భీమవరం వెళ్ళాను. షేర్ల ఆఫీసు ఇంకా తియ్యలేదు. మెట్ల మీద కూచున్నాను. ఆఫీసు అమ్మాయి వచ్చి తాళం తీసింది. అన్నీ అమ్మెయ్యమని చెప్పాను.

“ఇప్పుడు వద్దండి అమ్మమ్మగారూ. ఈ రంగం ముందు ముందు చాలా బాగుంటుందంటున్నారండి. కొన్నాళ్ళు ఉంచండి.”

“బాగుండనీ తల్లీ. అమ్మెయ్.”

అమెరికా బజారు మనకి సాయంత్రం ఏడింటికి గాని తెరవరు, అందాకా ఆగాలంది. ఆగాను. నా ఫోనుకి ఏదో నంబరు వచ్చింది, చదివి చెప్పాను. ఆ అమ్మాయి నొక్కింది. అమ్ముడుపోయాయంది. రేటు చెప్పబోతే చెప్పొద్దన్నాను.

ఆఖరి బస్సు దిగి నేరుగా మా తోడికోడలింటికి వెళ్ళాను. కుర్చీలో కూచుని మర్నాటి కూరకి గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. అమ్మేశాననీ, డబ్బు బ్యాంకులో పడగానే రాజమండ్రి వెళ్దామనీ చెప్పాను. ఎంతకి పోయాయని ఆమె అడగలేదు. కాఫీ పెడతానని లేవబోయింది. కూచోమని చెప్పి, వంటింట్లోకి వెళ్ళి నేనే పెట్టాను.